కాటి సీను ఎంతసేపు?

మాఘమాసం ముహూర్తాల్లో అన్నవరం వస్తే దేవుడికన్నా ముందు పెళ్ళికొడుకులు కనబడతారు. బుగ్గన చుక్క, మెళ్ళో వాడిన దండ, కళ్ళల్లో రెండు రాత్రుల నిద్రమత్తు. మా బాబాయి మనవడు ఆ రోజు వాళ్ళలో ఒకడు. వ్రతం అయింది, అయిదు కథలూ విన్నాం. కొత్త జంటని ఫొటోగ్రాఫరు నీడ గడియారం వైపు లాక్కుపోయాడు. మోకాళ్ళ నొప్పులవాళ్ళం కొండ దిగి సత్రం వరండాలో చాపల మీద చేరాం. మా విశాఖపట్నం బండికి ఇంకా రెండు గంటలుంది.

నా సంచీలో ప్రసాదం పొట్లాల కింద పదకొండు పేజీల కాయితం ఒకటుంది. మా అమ్మాయికి పదకొండేళ్ళు. నాలుగేళ్ళుగా కూచిపూడి నేర్చుకుంటోంది. మొన్న వాళ్ళ డాన్సు స్కూలు వార్షికోత్సవంలో చూసిన ఒకాయన దాని వీడియో హైదరాబాదులో వెబ్ సిరీస్ తీస్తున్నవాళ్ళకి పంపాడు. వాళ్ళు ఆడిషన్‌కి రమ్మన్నారు. దాంతోపాటు అగ్రిమెంటూ పంపారు. ఆయన, అంటే మా ఆయన, సరే అన్నారు. నేను వద్దన్నాను. ఇంట్లో తెగక పంచాయతీ బాబాయి దగ్గరకి తెచ్చాను. ఆయన పెద్దాపురంలో తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యారు. పిల్ల చదువు మానుతుందంటే ఒప్పుకోరు కదా అన్న ధీమాతోనే తెచ్చాను.

బాబాయ్: పంపించవే. ఇందులో ఆలోచించడానికేముంది?

నేను: మీరేనా ఈ మాటంటున్నది? ఐదో క్లాసు పిల్ల బాబాయ్.

బాబాయ్: మా ఊరి అంజమ్మ సినిమాలో మొదటిసారి కనబడేసరికి తొమ్మిదేళ్ళు. 1927లో పుట్టింది, 1936లో ‘రాజా హరిశ్చంద్ర’. లోహితాస్యుడి వేషం. ఐదో క్లాసుట, ఐదో క్లాసు!

నేను: అంజలీదేవిగారిని అంజమ్మ అని మీరు తప్ప ఇంకెవరూ అనరు.

బాబాయ్: పుట్టింది అంజమ్మగానే. నాటకాల్లోకి వచ్చాక అంజనీకుమారి అయింది. కాకినాడ చిత్తజల్లు పుల్లయ్యగారు సినిమాకి అంజలీదేవి అని పెట్టారు. పెద్దాపురంలో మాకు మొదటి పేరు మీదే హక్కు.

నేను: చూశారా, నేను చెప్పబోయేదీ అదే. ఒక మనిషికి మూడు పేర్లు. అందులో ఒక్కటైనా ఆవిడ పెట్టుకున్నదా? ఆ ఊరూ ఈ ఊరూ అని లేదు, ఎక్కడైనా ఇంతే. ఐర్లండ్‌లో మొరీన్ ఫిట్జ్‌సైమన్స్ అని డబ్లిన్ పిల్ల ఒకావిడ ఉండేది, 1920లో పుట్టింది. పద్నాలుగేళ్ళకే అక్కడి ఆబీ థియేటర్‌లో చేరింది. లండన్‌లో తీసిన టెస్టు ఫిల్ము చూసి చార్లెస్ లాటన్ అనే పెద్ద నటుడు తీసుకున్నాడు. తీసుకుంటూనే, ఈ ఇంటిపేరు జనం నోట పట్టదు, ఓహారా అని మార్చుకో అన్నాడు. ఆ పిల్ల నా పేరు నాకుండనివ్వండి అందిట. 1939లో హిచ్‌కాక్ సినిమా ‘జమైకా ఇన్’ తెర మీద మాత్రం మొరీన్ ఓహారా అనే పడింది.

బాబాయ్: పడితే ఏం? పేరు మారినంత మాత్రాన పిల్ల మారిపోయిందా? పెళ్ళిలో మీ పిన్ని పేరు మా అమ్మ మార్చింది. నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఇంట్లో పాతపేరే పిలిచాను.

నేను: అది మీ మంచితనం. పిన్ని ఇష్టం కాదు.

(పక్క చాప మీద కునుకు తీస్తున్న వియ్యపురాలు ఇక్కడ కళ్ళు తెరిచింది. తర్వాత పడుకోలేదు.)

బాబాయ్: సరే, పేరు వదిలెయ్. పని సంగతి మాట్లాడు. అంజలీదేవిని పుల్లయ్యగారు చూశారు, హీరోయిన్ అయిపోయింది అని పేపర్లో రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. అబద్ధం కాదుగానీ, ఆ రెండు వాక్యాల మధ్య పదకొండేళ్ళున్నాయి. లోహితాస్యుడు 1936లో. ‘గొల్లభామ’ 1947లో. ఈ మధ్యలో ఆవిడేం చేసింది?

నేను: మీరే చెప్పండి.

బాబాయ్: నాటకాలాడింది. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బని ఉండేది. ఎస్.వి. రంగారావు అక్కడివాడే. రేలంగి అక్కడివాడే. ఆ రేలంగి అక్కడ ఆడవేషాలు కట్టేవాడు తెలుసా? మరి ఆ రోజుల్లో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం ఎక్కడిది! సురభి వాళ్ళని వదిలేస్తే ద్రౌపదీ మగాడే, చింతామణీ మగాడే. గుంటూరు జిల్లాలో స్థానం నరసింహారావు సత్యభామగా చీర కడితే, కుచ్చిళ్ళు ఎలా పెట్టాలో ఆడవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకునేవారు. అలాంటి కాలంలో మా ఊరి ఆడపిల్ల మగపిల్లాడి వేషంతో మొదలెట్టింది. తమాషా చూడు, మగవాళ్ళు చంద్రమతులు, ఆడపిల్ల లోహితాస్యుడు.

నేను: తమాషాగానే ఉంది. కానీ ఆ క్లబ్బు పేరే యంగ్‌మెన్స్.

బాబాయ్: అందులోనే ఉందే అసలు సంగతి. ఆడవేషం ఎలా కట్టాలో మగవాళ్ళు దశాబ్దాలపాటు కసరత్తు చేసి పెట్టుకున్న స్టేజీ మీదకి నిజం ఆడపిల్ల వెళ్ళి నిలబడాలి. ఆడపిల్లవి కాబట్టి నీకు చేతనవుతుందిలే అని ఎవరూ అనరు. స్థానంవారిలా నడవగలవా అంటారు. పాట రావాలి, ఆట రావాలి, తెల్లారిదాకా గొంతు నిలవాలి. ఆ క్లబ్బులోనే సంగీతం చూసుకునే ఆదినారాయణరావుగారు తర్వాత ఆవిడకి భర్తయ్యారు. ‘సువర్ణసుందరి’ పాటలు ఈరోజుకీ మోగుతున్నాయంటే వాటి వెనక కాకినాడ హార్మోనీ ఉంది.

నేను: బాబాయ్, మీరు చెప్పేదంతా ఆవిడ కష్టం గురించి. ఆ కష్టాన్ని నేను కాదన్నానా? నేనడిగేది, తొమ్మిదేళ్ళ పిల్లని ఎవరైనా అడిగారా అని. ఆవిడ గురించి ఎన్ని వ్యాసాలొచ్చాయి! పుల్లయ్యగారు ఏమన్నారో ఉంటుంది, ఎల్.వి. ప్రసాద్‌గారు ఏం చేశారో ఉంటుంది. ఆ పిల్లకి స్టేజీ మీద నిద్రొచ్చిందా, భయమేసిందా, సరదా వేసిందా, ఎక్కడా ఉండదు.

బాబాయ్: ప్రసాద్‌గారి పేరెత్తావు కాబట్టి చెబుతున్నాను విను. పుల్లయ్యగారికన్నా ముందు ఆవిడని హీరోయిన్‌గా పెట్టుకుంది ఆయనే. ‘కష్టజీవి’ అని సినిమా. 1940లో. మూడు రీళ్ళు తీశారు, ఆగిపోయింది. పదమూడేళ్ళ పిల్ల. మొదటి హీరోయిన్ వేషం మూడు రీళ్ళకే డబ్బాలోకి వెళ్ళిపోతే నీ కూతురైతే ఏం చేస్తుంది?

నేను: వారం రోజులు అన్నం తినదు.

బాబాయ్: ఆవిడేం తిందో మనకి తెలీదుగానీ మళ్ళీ నాటకంలోకి వెళ్ళింది. అదీ నేను చెప్పేది! సినిమా కాదంటే వెనక్కి తిరిగి నిలబడ్డానికి ఒక అరుగుంది. ఏడేళ్ళు ఆ అరుగు మీద నిలబడింది. పుల్లయ్యగారు వచ్చి చూసేసరికి ఆవిడ దొరికిన పిల్ల కాదు, తయారైన మనిషి.

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. నా దగ్గర జవాబు లేక కాదు. ఆ అరుగు అన్న మాట నా పక్షానికే పనికొస్తుందని తోచింది. దాన్ని తర్వాతకి దాచుకున్నాను.

నేను: సరే, తయారైన మనిషికి ఏం వేషమిచ్చారు?

బాబాయ్: మోహిని. ‘గొల్లభామ’లో కథానాయిక ఈవిడ కాదు, కృష్ణవేణి. ఆవిడా మనవైపు పిల్లే, పశ్చిమగోదావరి పంగిడి. ఆవిడా పుల్లయ్యగారి చేతిమీదుగానే వచ్చింది. 1936లో పుల్లయ్యగారు అందరూ పిల్లలతోనే ‘సతీ అనసూయ’, ‘ధ్రువ విజయం’ అని రెండు సినిమాలు కలిపి తీశారు, కలకత్తా కంపెనీకి. అందులో అనసూయ ఆ అమ్మాయి. పదకొండు పన్నెండేళ్ళు. ఆ పిల్లే పెద్దయ్యాక ‘మనదేశం’ తీసి ఎన్.టి. రామారావుని తెరకెక్కించింది. మొన్న 2025లో వందేళ్ళు నిండాక పోయింది. చిన్నప్పుడు సినిమాల్లోకి వెళితే చెడిపోతారని చెబుతావా ఆవిడ గురించి?

నేను: చెడిపోతారని నేనెప్పుడన్నాను? ఆ మాట మీ తరానిది. మీ ఊరి పేరు చెబితేనే బస్సులో పక్క సీటువాడు ముసిముసిగా నవ్వే రోజులు మీకు గుర్తున్నాయిగా. ఆ నవ్వు నటి అన్న ప్రతి ఆడదాని మీదా ఉండేది. నా భయం అది కాదు.

బాబాయ్ ముఖం కొంచెం మాడింది. అనకుండా ఉండాల్సింది. పెద్దాపురం వాళ్ళని ఆ నవ్వు ఎంత కాల్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

బాబాయ్: ...ఆ నవ్వుకి జవాబే అంజలీదేవి. 1947లో మోహిని. 1949లో ‘కీలుగుర్రం’లో ఏకంగా రాక్షసి. పైకి అందగత్తె, రాజుగారి భార్యయి కూర్చుంటుంది. అర్ధరాత్రి లేచి రాజుగారి ఏనుగుల్నీ గుర్రాల్నీ తినేసి నెపం పెద్దరాణి మీదకి తోస్తుంది. ఇవీ ఆవిడ తొలి వేషాలు. అదే మనిషిని పుల్లయ్యగారు తర్వాత సీతని చేశారు. మోహినిని ఇచ్చినాయనే సీతనీ ఇచ్చాడు. 1963 మార్చిలో ‘లవకుశ’ వచ్చింది, నాకు పదమూడేళ్ళు. ఊళ్ళల్లోంచి బళ్ళు కట్టుకుని వచ్చారు. ఆవిడ కనబడితే పల్లెల్లో ఆడవాళ్ళు సీతమ్మతల్లీ అని దణ్ణాలు పెట్టేవారు. పెద్దాపురం అంటే నవ్విన నోళ్ళే అవి!

నేను: మన గోదావరి ఆడపిల్లలందరికీ సీతే ఎందుకు దొరుకుతుంది బాబాయ్? పెంటపాడు పుష్పవల్లి 1936లో ‘సంపూర్ణ రామాయణం’లో చిన్న సీత. రాజమండ్రిలోనే, దుర్గా సినీటోన్‌లో తీశారు. మీ అంజలీదేవి సీత. రాజమండ్రి జయప్రద బాపుగారి ‘సీతాకల్యాణం’లో సీత. ఆఖరికి రాజోలు అంజలి కూడా 2013లో వాకిట్లో సిరిమల్లె చెట్టు కింద సీతే.

బాబాయ్: భద్రాచలం మీంచి వచ్చే నీళ్ళు తాగుతున్నాం. రాధ ఎలా దొరుకుతుంది?

(వియ్యపురాలు ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. బాబాయి గెలిచినట్టు పొట్లం విప్పుకున్నారు. గోధుమనూక ప్రసాదం ఆరాక గట్టిపడుతుంది, అప్పుడే ఇంకా రుచి. ఆకుని చివర పట్టుకుని వేళ్ళతో గీకి తినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.)

నేను: జయప్రద పేరొచ్చింది కాబట్టి మీ అరుగు దగ్గరకే వస్తాను. లలితారాణి, 1962లో పుట్టింది. స్కూలు వార్షికోత్సవంలో డాన్సు చేస్తుంటే చూసి ‘భూమికోసం’లో మూడు నిమిషాల పాట ఇచ్చారు. 1974. చేతిలో పది రూపాయలు పెట్టారు. పన్నెండేళ్ళు. సరిగ్గా మా అమ్మాయికి జరిగినట్టే, కాదా? వార్షికోత్సవం, డాన్సు, చూసినాయన.

బాబాయ్: మరి! అదే నేనంటున్నది. రెండేళ్ళు తిరిగేసరికి బాలచందర్, విశ్వనాథ్, బాపు. ఒక్క 1976లో ముగ్గురు మహానుభావుల సినిమాలు. ‘సిరిసిరిమువ్వ’లో నోరులేని పిల్ల. మాట లేకుండా కళ్ళతో పాదాలతో నిలబెట్టింది. ఆ సినిమానే విశ్వనాథ్‌గారు హిందీలో ‘సర్గమ్’గా తీస్తే అక్కడా ఆవిడే. హిందీ రాకపోయినా ఇబ్బంది లేకపోయింది, మూగపిల్ల కదా! నాట్యం నేర్పించిన తల్లి పుణ్యం.

నేను: మీరు ‘సిరిసిరిమువ్వ’ చూశారు. నేను ‘అంతులేని కథ’ చూశాను. అందులో ఆ అమ్మాయి పేరు సరిత. ఆఫీసుకి వెళ్ళి సంపాదించి, తాగుబోతు అన్ననీ, వాడి పిల్లల్నీ, చెల్లెళ్ళనీ, తల్లినీ మోస్తుంది. పెళ్ళి కాదు, నవ్వదు, ఇంటిల్లిపాదినీ కసురుతుంది. పట్టుమని పద్నాలుగేళ్ళు లేవు బాబాయ్ ఆ వేషం కట్టిన పిల్లకి. పాతికేళ్ళ ఆడదాని అలసట పద్నాలుగేళ్ళ ముఖంలోకి ఎక్కడ్నుంచి తెచ్చారు? నేను మొదటిసారి టీవీలో చూసినప్పుడు ఆవిడ నాకన్నా పెద్దదనుకున్నాను. తర్వాత లెక్కేస్తే, సినిమా తీసినప్పటి ఆవిడ కంటే అప్పుడు నేనే పెద్దదాన్ని. అప్పట్నుంచీ ఆ సినిమా మళ్ళీ చూడలేకపోయాను.

బాబాయ్: నటన అంటే అదేనే. లేనిది తేవడం.

నేను: ఎవరి దగ్గర్నుంచి తేవడం? నటనంటే పెద్దవాళ్ళు తమ బతుకులోంచి తోడుకోవాలి. పిల్లల దగ్గర తోడుకోవడానికి ఏముంటుంది, రాబోయే బతుకు తప్ప? అప్పు తెచ్చినట్టే అది. పుష్పవల్లి చిన్న సీత అని చెప్పాను కదా, ఆవిడ కూతురు రేఖ కూడా ‘రంగులరాట్నం’లో పిల్లగానే వచ్చింది. సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత. రేఖ అంత పెద్ద నటి అయ్యాక కూడా చెప్పుకుంది, నేను ఇష్టపడి రాలేదు, చదువు మాన్పించి ఇంటి అవసరం కోసం పంపారు అని. హిందీ దేశమంతా చప్పట్లు కొట్టాక కూడా మర్చిపోలేదు.

బాబాయ్ ఈసారి వెంటనే అందుకోలేదు. ప్రసాదం ఆకుని నాలుగు మడతలు పెట్టి చాప కింద దోపారు.

బాబాయ్: ఒకరికి చేదైందని అందరికీ చేదని ఎలా అంటావు? మొన్న నీ కూతురు నాకు ఫోన్లో ఒక సినిమా చూపించింది. ఆ ఐర్లండ్ పిల్ల, ఏదో నోరు తిరగని పేరు...

నేను: సర్షా రోనన్. ‘ఎటోన్‌మెంట్’.

బాబాయ్: ఆ. నీ కూతురు కన్నా మహా అయితే ఒక ఏడాది పెద్దేమో. పదమూడేళ్ళకి ఆస్కార్ బరిలో నిలబడిందిట. తండ్రి కూడా నటుడేనట. ఆ పిల్ల చూపు చూశావా? తెలిసీ తెలియని వయసులో తెలుసనుకునే చూపు. అది ఇరవై ఏళ్ళ నటికి డబ్బు పోసినా రాదు. కొన్ని వేషాలు పిల్లలే వెయ్యాలి.

నేను: ఆ మొరీన్ ఓహారా తండ్రి మాత్రం ఏం చేశాడో తెలుసా? నాటకాలాడుకో, కాదనను, ముందు టైపూ లెక్కలూ నేర్చుకో అన్నాడు. నేర్చుకుంది కూడా. అదీ అరుగంటే. మీ అంజలీదేవికి కాకినాడ క్లబ్బుంది. ఆ డబ్లిన్ పిల్లకి ఆబీ థియేటరూ, టైపు మిషనూ ఉన్నాయి. నా కూతురికి ఏముంది చెప్పండి? మూడు రీళ్ళ దగ్గర ఆగిపోతే ఎక్కడికి వెనక్కి రావాలి? ఇన్‌స్టాగ్రామ్‌లోకా?

దాచుకున్న మాట వాడేశాను. అది తగిలింది కూడా.

బాబాయ్: ...నాటకం చచ్చిపోయిందంటావు.

నేను: మీరే చెప్పండి. మరిడమ్మ జాతరలో పోయినేడు ఎన్ని నాటకాలాడారు?

బాబాయ్: ఆషాఢమంతా జాతరే. రికార్డింగ్ డాన్సులాడాయి, ఆర్కెస్ట్రాలాడాయి. హరిశ్చంద్ర ఒక రాత్రి పెట్టారు. కాటి సీను ఒక్కటే. జనానికి ఓపిక లేదని ముందూ వెనకా కోసేశారు. లోహితాస్యుడి బదులు గుడ్డ చుట్టిన తలగడ. పిల్లాడెవరూ దొరకలేదుట.

నేను: దొరక్క కాదు. రాత్రి మూడింటిదాకా ఏ తల్లి పంపుతుంది?

బాబాయ్: మా అమ్మ పంపింది. నన్ను.

నేను: మీరా! ఎప్పుడూ చెప్పలేదే?

బాబాయ్: ఒక్కసారే వేశాను, చెప్పుకోడానికేముంది? తొమ్మిదేళ్ళు నాకు. లోహితాస్యుడు వేసే కుర్రాడికి జ్వరం. చంద్రమతి వేసే ఆయన మీ తాతకి స్నేహితుడు. మంచం మీంచి లేపి పట్టుకుపోయి ముఖానికి అర్దళం పూశారు, చురచుర మండిపోయింది. నా పద్యాలు రెండే. అవి ఎలాగో అప్పజెప్పాను. పాము కరిచింది, పడ్డాను. అక్కడ్నుంచీ కాటి సీను. నువ్వనుకుంటావు, చచ్చినవాడికి పనేముందని. ఆ సీనుకి అసలు పని చచ్చినవాడిదే. హరిశ్చంద్రుడు బలిజేపల్లివారి పద్యాలయ్యాక జాషువాగారివి ఎత్తుకున్నాడు. పద్యానికో వన్స్‌మోర్. పెట్రోమాక్స్ లైటుకి పురుగులు ముసురుతున్నాయి. ఒక దోమ వచ్చి నా ముక్కు మీద వాలింది. కదిలితే మీ తాత పరువు పోతుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, శవం ఏడవకూడదు. అప్పుడు చంద్రమతి ఏం చేశాడో తెలుసా? రాగం తీస్తూనే నా మీద పడి, హా కుమారా అంటూ చెంగుతో ముఖం తుడిచినట్టు దోమని తోలేసి, నా చెవిలో ఇంకో రెండు పద్యాలేరా నాన్నా, నిద్రపో అన్నాడు. నిజంగానే నిద్రపోయాను. విశ్వామిత్రుడొచ్చి బతికించినా లేవలేదు.

వియ్యపురాలు చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఆ చంద్రమతి లాంటి మనిషి ఉన్న స్టేజీకైతే నా కూతుర్ని పంపుతానేమో అనిపించింది. అది పైకి అనలేదు. అంటే బాబాయి కేసు గెలిచినట్టు రాసేసుకుంటారు.

నేను: ఇప్పుడు చంద్రమతి బదులు చట్టం ఉంది. 2016లో బాలకార్మిక చట్టం సవరించారు, 2017లో నిబంధనలొచ్చాయి. సినిమాలో పిల్లల చేత రోజుకి అయిదు గంటలకి మించి పని చేయించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వకుండా మూడు గంటలు దాటకూడదు. షూటింగు పెట్టే ముందు జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. వరసగా ఇరవైయేడు రోజులు దాటి పని చేయించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం పిల్ల పేరున బ్యాంకులో వెయ్యాలి, పెద్దయ్యాకే తియ్యాలి.

బాబాయ్: అబ్బో, బాగానే చదివావు. మరి ఇంత రక్షణ ఉంటే నీ బెంగేంటి? అంజలీదేవికి ఇందులో ఒక్కటైనా ఉందా?

నేను: చట్టంలో ఉంది. వాళ్ళు పంపిన కాయితంలో ఉందో లేదో మీరే చూడండి.

సంచీలోంచి తీసి ఇచ్చాను. ప్రసాదం నెయ్యి ఆకు దాటి ఊరి మొదటి రెండు పేజీలు అద్దంలా తయారయ్యాయి. కింది పేజీ అక్షరాలు పైకి తేలుతున్నాయి. బాబాయి కళ్ళద్దాలు పెట్టుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక్కో పేజీ చదివారు. చేతిలో ఎర్రకలం లేని లోటు కనిపించింది. ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా రెండు పెళ్ళి బృందాలు సన్నాయితో దాటిపోయాయి.

బాబాయ్: డబ్బు ఎవరికివ్వాలో ఉంది, తండ్రికి. షూటింగు ఆలస్యమైతే ఎవరు భరించాలో ఉంది, తండ్రే. పిల్ల ముఖమూ గొంతూ ఎన్నేళ్ళు వాడుకోవచ్చో ఉంది, ఎల్లకాలమూట. ఇరవై శాతం మాట లేదు. గంటల మాట... ‘అవసరాన్ని బట్టి’ అని ఉంది.

నేను: ఇంకోటి కూడా లేదు. పిల్ల ఇష్టానికి విరుద్ధంగా, దాని సమ్మతి లేకుండా చేయించకూడదని కూడా నిబంధనల్లో ఉంది. సంతకాలు చూడండి.

బాబాయ్: కంపెనీ. తండ్రి. సాక్షి. సాక్షి.

నేను: సాక్షులిద్దరున్నారు. పిల్ల లేదు.

బాబాయ్: అంటే, ఇది మార్పించుకుంటే పంపుతావా?

నేను: పంపుతానని అనలేదు.

బాబాయ్: నేను పంపొద్దని అనలేదు. ఈ కాయితం మీద పంపొద్దంటాను. అంజలీదేవి కష్టం వేరు, ఈ కాయితం వేరు. ‘లవకుశ’ ఐదేళ్ళు తీశారు, డబ్బుల్లేక మధ్యలో ఆగింది. మొదలెట్టినాయన పుల్లయ్యగారు, పూర్తి చేసింది కొడుకు సి.ఎస్. రావు. ఈ లోపు లవుడూ కుశుడూ ఎదిగిపోయారు. పెద్దవాళ్ళకి సినిమా ఆగితే ఆగినట్టే, మళ్ళీ మొదలవుతుంది. పిల్లలకి అలా కాదు.

నేను: ఆ లవకుశులిద్దరి ఫొటోలు లేని ఇల్లు లేదు ఆంధ్రదేశంలో. వాళ్ళలో ఒక్కరైనా పెద్ద నటుడయ్యారా బాబాయ్?

బాబాయ్: అవలేదు. అవకపోతే ఏం? ఆ రెండు ముఖాలు తప్ప మనకి వేరే లవకుశులు లేరు. అది చాలదా?

నేను: మనకి చాలు. వాళ్ళకి చాలిందా?

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఈ వాదంలో మేం ఎక్కడ మొదలెట్టామో అక్కడ లేమని ఇద్దరికీ తెలుస్తోంది. కానీ ఆయన నా గట్టుకి రాలేదు, నేను ఆయన గట్టుకి పోలేదు.

అప్పుడే పిల్లలు కొండ మీంచి దిగారు. మా అమ్మాయి జడలో పువ్వు ఒక పక్కకి వేలాడుతోంది, చేతిలో సగం తిన్న పొట్లం. మెట్లన్నీ లెక్కపెట్టానంది, మధ్యలో ఒకసారి తప్పిపోయానంది. బాబాయి దాన్ని పక్కన కూచోబెట్టుకున్నారు.

బాబాయ్: ఏవే, సినిమాల్లో వేస్తావా?

అది నా వైపు చూసింది. నేను పంపా నది వైపు చూశాను.

అమ్మాయి: ఏం వేషం?

బాబాయ్: నీకేం కావాలి? సీతా?

అమ్మాయి: ఊహూఁ. రాత్రి ఏనుగుల్ని తినే ఆవిడ. నిన్న పెళ్ళిలో చెప్పావుగా తాతయ్యా.

బాబాయ్: లోహితాస్యుడైతే?

అమ్మాయి: వాడేం చేస్తాడు?

బాబాయ్: పాము కరిచి చచ్చిపోతాడు. తర్వాత కాటి సీనంతా కదలకుండా పడుకోవాలి.

అమ్మాయి: ఎంతసేపు?

బాబాయ్: గంట. గంటన్నర. జనం వన్స్‌మోర్ అంటే ఇంకా ఎక్కువ.

అది పొట్లం నా చేతిలో పెట్టి, చాప మధ్యలో వెల్లకిలా పడుకుంది. చేతులు పక్కలకి, అరచేతులు పైకి. కళ్ళు మూసుకుంది. ముందు రెప్పలు అదిరాయి, తర్వాత ఆగాయి. వేళ్ళకంటిన బెల్లానికి ఒక గండుచీమ వచ్చింది, బొటనవేలు ఎక్కి మణికట్టు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. చెయ్యి కదల్లేదు. వియ్యపురాలు చీమని తొయ్యబోతే బాబాయి ఆవిడ చెయ్యి పట్టి ఆపారు.

స్టేషన్‌కి ఆటో వచ్చింది. మా ఆయన హారన్ కొట్టించారు.

“లేవే, బండి టైమవుతోంది” అన్నాను.

బాబాయి వేలు పెదాల మీద పెట్టుకున్నారు.

“ఇంకో రెండు పద్యాలే” అన్నారు.